మెయిన్ డోర్ తాళం: 70 అని కొలిచి తెచ్చినా పట్టలేదు, తప్పెక్కడ?

వడ్డేపల్లి_చెరువుకట్ట | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. హనుమకొండలో వడ్డేపల్లి వైపు మా ఇల్లు. కట్టి పన్నెండేళ్ళు అయింది. మెయిన్ డోర్ తాళం నెల రోజులుగా సతాయిస్తోంది. చెవి పెట్టి నాలుగుసార్లు అటూ ఇటూ ఊపితే గానీ తిరగదు. మొన్న రాత్రి ఊరి నుంచి వచ్చి పావుగంట వాకిట్లోనే నిలబడ్డాం. అమ్మ మెట్ల మీద కూర్చుని "పగలగొట్టు బిడ్డా, కాళ్ళు గుంజుతున్నయ్" అంటోంది. పక్కింటాయన టార్చి పట్టుకున్నాడు. ఆ టెన్షన్‌లో చెవి వంకరపోయింది.

మేడారం జాతరకి ఇంటిల్లిపాదీ పోతున్నాం. నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ ఉండరు. ఆ లోపు ఈ సంగతి తేల్చాలి.

తాళం ఎలాంటిదంటే, తలుపు అంచులో లోపలికి దించి ఉంటుంది. రెండు వైపులా పొడుగాటి ప్లేట్లు, వాటికి హ్యాండిళ్ళు, కింద చెవి పెట్టే ముక్క. తెలిసిన కార్పెంటర్‌ని పిలిస్తే ఆ ముక్క ఒక్కటి మారిస్తే చాలన్నాడు. ఊడదీసి టేపు పెట్టి "రెండుం ముప్పావు ఇంచులు" అన్నాడు. షాపులో ఆ మాటే చెబితే 70 ఎం.ఎం. ముక్క ఇచ్చారు. ఇంటికి తెచ్చి బిగిస్తే బయటి వైపు ప్లేటులోకి కుంగిపోయింది. చెవి పూర్తిగా దిగట్లేదు, తిరగట్లేదు. లోపలి వైపేమో గోరంత పొడుచుకొచ్చింది. షాపాయన సామాను సరైనదే అంటాడు. కార్పెంటర్ కొలత సరైనదే అంటాడు. పాతది పక్కన పెట్టి చూస్తే పొడుగు సమానంగానే ఉంది మరి!

ప్రస్తుతానికి పాతదే మళ్ళీ పెట్టి నడిపిస్తున్నాను. మొత్తం తాళం మార్చెయ్యాలా? స్మార్ట్ లాక్ పెట్టించుకోవాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

టెక్_తమ్ముడు | రాత్రి 9:58

అన్నా, ఈ రోజుల్లో ఇంకా చెవులేంది? ఫింగర్‌ప్రింట్ లాక్ పెట్టెయ్. మేడారంలో గద్దెల దగ్గర ఉన్నా ఫోన్లో తలుపు చూసుకోవచ్చు.

కాజీపేట_జంక్షన్ | రాత్రి 10:05

జాతర రోజుల్లో అక్కడ ఫోన్ మాట్లాడాలంటేనే సిగ్నల్ కోసం చెట్టెక్కాలి, ఈయన తలుపు చూపిస్తాడట.

మా ఫ్లాట్‌లో కూడా అన్న చెప్పిన తాళమే. మాకూ 70 ముక్కే. నాకు చక్కగా పట్టింది. మీ దగ్గర ప్లేట్లు వంకరగా బిగించారేమో చూడండి.

ఉలి_సుత్తె | రాత్రి 10:31

పరకాలలో నాది ఇరవై అయిదేళ్ళ వడ్రంగం పని. తమ్మీ, నీ కార్పెంటర్ కొలత తప్పు కాదు, షాపాయన సామానూ తప్పు కాదు. ఇద్దరూ సగం పనే చేసిన్రు.

ఆ ముక్కని సిలిండర్ అంటారు. దాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి కొలిస్తే సరిపోదు. ముక్క మధ్యలో అడుగున స్క్రూ పట్టే చిన్న రంధ్రం ఉంటుంది. తలుపు అంచు నుంచి వచ్చే పొడుగు స్క్రూ అక్కడే పడుతుంది. ఆ రంధ్రం మధ్య నుంచి లోపలి కొసకి ఎంత, బయటి కొసకి ఎంత అని రెండు కొలతలు విడివిడిగా తియ్యాలి. 70 అంటే 35-35 కావచ్చు, 30-40 కావచ్చు. షాపులో మాట్లాడకుండా చేతిలో పెట్టేది 35-35. నీ తలుపుకి అది కాదని తలుపే చెబుతోంది.

ఇక రెండు ప్రశ్నలు.

ఒకటి, నీ తలుపు మీద తర్వాత ఎప్పుడైనా బయట వైపు షీటో, చెక్కిన డిజైనో అంటించారా?

రెండోది, తలుపు బార్లా తెరిచి ఉంచి చెవి తిప్పితే ఎట్లా తిరుగుతోంది? మూసి తిప్పితే ఎట్లా? ఈ రెండూ వేరు జబ్బులు. తెరిచినప్పుడు కూడా పట్టేస్తే జబ్బు తాళంలోనో చెవిలోనో ఉంది. తెరిస్తే హాయిగా తిరిగి, మూస్తే పట్టేస్తే మాత్రం తాళానికేం కాలేదు, తలుపు కుంగింది. నా దగ్గరికి వచ్చే పది తాళాల్లో నాలుగైదు ఈ రెండో బాపతే. జనం తాళం మార్చుకుంటారు, మడతబందుల స్క్రూలు బిగించుకోరు.

వడ్డేపల్లి_చెరువుకట్ట | రాత్రి 10:44

అన్నా, మీరు మా తలుపు చూసినట్టే చెప్పారు! మూడేళ్ళ కింద చెల్లె పెళ్ళప్పుడు బయట వైపు డిజైన్ షీటు అంటించాం. 12 ఎం.ఎం. షీటు. అప్పుడే ఈ ప్లేట్లు, సిలిండర్ కొత్తవి వేశారు. లోపల దించిన పెట్టె మాత్రం పాతదే.

సిలిండర్ ఎలా ఊడదీయాలో చెబితే రేపు పొద్దున నేనే తీసి కొలుస్తాను. కార్పెంటర్‌ని మళ్ళీ పిలవాలంటే మొహమాటంగా ఉంది.

ఉలి_సుత్తె | రాత్రి 10:59

తలుపు తెరువు. అంచు మీద ఇత్తడి పట్టీయో స్టీలు పట్టీయో ఉంటుంది. దాంట్లో సిలిండర్‌కి సరిగ్గా ఎదురుగా ఒక స్క్రూ. అది పూర్తిగా తీసెయ్, పొడుగుంటుంది, భయపడకు. ఇప్పుడు ఊరికే లాగితే సిలిండర్ రాదు. మధ్యలో ఒక నాలుక ఉంటుంది, అది పక్కకి తిరిగి అడ్డం పడి ఉంటుంది. చెవి పెట్టి కొద్దిగా, గడియారంలో రెండు నిమిషాలంత, తిప్పి నెమ్మదిగా లాగి చూడు. రాకపోతే రెండో వైపుకి అంతే తిప్పు. నాలుక ముక్కతో సమానంగా వచ్చినప్పుడు అదే జారి వస్తుంది. సుత్తె ముట్టొద్దు.

ప్లేట్లు విప్పే పనే లేదు. చాలామంది తెలియక హ్యాండిళ్ళు కూడా ఊడదీసి, స్ప్రింగులు ఎగిరిపోయి, నాకు ఫోన్ చేస్తారు.

అద్దెఇల్లు_నయీంనగర్ | రాత్రి 11:20

ఇది చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. నేను జాబ్ చేస్తూ ఒక్కదాన్నే అద్దెకుంటాను. ఇంతకు ముందు అక్కడ ఎవరున్నారో, ఎన్ని చెవులు చేయించుకున్నారో ఎవరికీ తెలీదు. అందుకని ఇల్లు మారిన మొదటి వారమే ఓనర్ ఆంటీని అడిగి సిలిండర్ ఒక్కటి మార్చుకుంటాను. పాతది ఒక కవర్లో వేసి, దాని చెవులతో సహా అటక మీద పెడతాను. ఖాళీ చేసేటప్పుడు పాతది పెట్టి, నాది తీసుకుపోతాను. ఒక స్క్రూ పని. ఇదే సిలిండర్‌తో మూడు ఇళ్ళు మారాను. ఒక ఇంటికి మాత్రం పట్టలేదు, ఆ తలుపు సన్నం.

ఓనర్‌కి చెప్పకుండా మాత్రం చెయ్యకండి. ఒకసారి నీళ్ళ పైపు పగిలి, నేను ఆఫీసులో ఉండి, ఆంటీ తన చెవి పట్టుకుని వచ్చి తలుపు ముందు నిలబడితే ఏమవుతుందో ఊహించుకోండి. చెవి ఒకటి కవర్లో పెట్టి సీలేసి ఆవిడకే ఇచ్చాను.

వడ్డేపల్లి_చెరువుకట్ట | ఆదివారం, ఉదయం 8:15

ఉలి_సుత్తె అన్నా, వచ్చేసింది! చెవి కొంచెం తిప్పగానే వెన్నముక్కలా జారింది.

కానీ లెక్క కుదరట్లేదు. పాప జామెట్రీ బాక్సులోని స్కేలుతో కొలిచాను. స్క్రూ రంధ్రం మధ్య నుంచి ఒక వైపు 27, రెండో వైపు 37. రెండూ కలిపితే 64 కదా. టేపు పెడితేనేమో మొత్తం 70 వస్తోంది. మూడుసార్లు కొలిచాను. మిగతా 6 ఎటు పోయింది?

రెండో సంగతి. తలుపు తెరిచి తిప్పినా చెవి పట్టేస్తోంది. మూసి తిప్పితే ఇంకొంచెం ఎక్కువ పట్టేస్తోంది.

మడికొండ_మాస్టారు | ఉదయం 8:40

నాయనా, ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి ఆ 6 ఎటు పోయిందో నేను చెబుతాను. మీ పాప స్కేలు కొస చూడు. అంచు దగ్గరే సున్నా గీత ఉందా? ఉండదు. ప్లాస్టిక్ స్కేలుకి అంచు తర్వాత కాస్త జాగా వదిలి సున్నా మొదలవుతుంది. నీ స్కేలుకి ఆ జాగా దాదాపు 3 ఎం.ఎం. ఉండి ఉంటుంది. నువ్వు స్కేలు అంచుని సిలిండర్ కొసకి ఆనించి కొలిచావు. ఒక్కో వైపు 3 చొప్పున మింగేసింది. 27కి 3 కలుపు, 37కి 3 కలుపు.

టేపుతోనూ జాగ్రత్త. టేపు కొసన ఉండే కొక్కెం కాస్త వదులుగా కదులుతుంది. అది చెడిపోవడం కాదు, కావాలనే అలా చేస్తారు. తగిలించి లాగినా, ఆనించి నొక్కినా కొక్కెం మందం లెక్కలో సర్దుకోవాలని. కానీ పాత టేపుల్లో ఆ కొక్కెం వంగిపోయి ఉంటుంది. చిన్న వస్తువు కొలిచేటప్పుడు కొస వదిలెయ్యి, 10 సెంటీమీటర్ల గీత దగ్గర మొదలుపెట్టు, తర్వాత 10 తీసెయ్యి. మా బడిలో పిల్లలకి విరిగిన స్కేలిచ్చి కొలవమనేవాణ్ణి.

వడ్డేపల్లి_చెరువుకట్ట | ఉదయం 8:52

మాస్టారూ, దండం. 30-40. టేపుతో పది నుంచి కొలిచినా అదే. పొడుగు వైపు బయటికి ఉండేది, నేను తీసేటప్పుడే పెన్నుతో గుర్తు పెట్టుకున్నాను.

ఉలి_సుత్తె | ఉదయం 9:30

ఇప్పుడు లెక్క చూడు, నీకే తెలుస్తుంది. నీ అసలు తలుపు ఎంత మందం? షీటు వదిలేసి చెప్పు.

వడ్డేపల్లి_చెరువుకట్ట | ఉదయం 9:41

షీటుతో కలిపి 44. అంటే అసలు తలుపు 32. ప్లేట్లు ఒక్కోటి 10 లేస్తున్నాయి.

ఉలి_సుత్తె | ఉదయం 10:10

పెట్టెని అప్పట్లో 32 తలుపు నడిమధ్యలో దించిన్రు. అంటే స్క్రూ ఉండే గీత నుంచి లోపలి ముఖానికి 16, దాని మీద ప్లేటు 10, మొత్తం 26. అటు 30 సిలిండర్ పెడితే 4 బయటికి కనిపిస్తది. లోపలి వైపే కాబట్టి పర్వాలేదు.

బయటికి 16, షీటు 12, ప్లేటు 10. మొత్తం 38. అటు 40 పెడితే 2 మాత్రమే బయటికి ఉంటుంది. ఇట్లాగే ఉండాలి. నువ్వు తెచ్చిన 35 పెడితే 3 లోపలికి కుంగుతుంది, చెవి తల ప్లేటుకి తగిలి ఆగిపోతుంది. లోపల 35లో 26 పోను 9 బయటికి పొడుచుకొస్తది. నీ గోరంత అన్నది అదే.

బయటి వైపు మరీ కుంగినా చెడ్డదే, మరీ పొడుచుకొచ్చినా ఇంకా చెడ్డది. ప్లేటు దాటి 3 ఎం.ఎం. కంటే ఎక్కువ రానివ్వొద్దు. ఎందుకంటే సిలిండర్‌కి బలహీనమైన చోటు ఆ స్క్రూ రంధ్రం దగ్గరే. అక్కడ లోహం సన్నగా ఉంటుంది. బయటికి పొడుచుకొచ్చిన ముక్కని పట్టకారుతో పట్టుకుని వంచితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఇంతకంటే వివరంగా చెప్పను, మంచోళ్ళే చదువుతారని రాసిపెట్టి లేదు.

ఇంకోటి. మా వాళ్ళు ఇంచుల్లో, సూత్‌లలో మాట్లాడతారు. సూత్ అంటే ఇంచులో ఎనిమిదో వంతు, 3 ఎం.ఎం. కంటే కొంచెం ఎక్కువ. దర్వాజకి, కిటికీకి ఆ లెక్క చాలు. నేనూ అట్లనే పని నేర్చుకున్నాను. కానీ సిలిండర్లు 5 ఎం.ఎం. చొప్పున పెరుగుతాయి. సూతున్నర అటూ ఇటూ అయితే సైజే మారిపోతుంది. తాళం దగ్గరికొచ్చేసరికి ఎం.ఎం.లోనే రాసుకోవాలి.

నర్సంపేట_మిర్చి | ఉదయం 10:26

మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు. మాది ఊళ్ళో తాతల కాలం నాటి ఇల్లు, రెండు రెక్కల టేకు తలుపు. పైన గొళ్ళెం, నడుమ అల్‌డ్రాప్, అదే తాళంకప్ప వేసే పెద్ద గడియ. దానికి ఇలాంటి తాళం దించొచ్చా?

ఉలి_సుత్తె | ఉదయం 10:38

దించకు. ఆ తలుపుకి నిలువు చట్రం సన్నం, మధ్యలో పలకలు. అంచు తొలిస్తే చట్రమే బలహీనమైతది. పైగా రెండు రెక్కలు ఒకదాని మీదొకటి ఎక్కేచోట గాడి ఉంటుంది, అక్కడ పెట్టె పట్టీ కూర్చోదు. అల్‌డ్రాప్‌కే మంచి తాళంకప్ప కొనుక్కో. రంధ్రం ఎంతుందో కొలిచి, దాంట్లో పట్టేంత లావు కడ్డీ ఉన్న కప్ప తీసుకో. రంధ్రం పెద్దగా, కడ్డీ సన్నగా ఉంటే ఆ సందులోకి గునపం దూరుతుంది. కడ్డీ వంపు మరీ పొడుగున్నా అదే గతి. ఇంకా అల్‌డ్రాప్ స్క్రూలు బయటికి కనిపిస్తుంటే వాటి బదులు తలుపు లోపలిదాకా పోయే బోల్టులు వేసి, లోపల నట్టు బిగించు. లేకపోతే తాళంకప్ప ఎంత మంచిదైనా, దాన్ని ముట్టకుండానే అల్‌డ్రాప్ ఊడదీస్తారు.

మడికొండ_మాస్టారు | ఉదయం 10:50

మా నాన్నగారు గోద్రెజ్ నవ్‌తాల్ ఒకటి కొన్నారు. ఆ కప్ప ఇప్పటికీ పశువుల కొట్టానికి వేలాడుతోంది. పశువులు లేవు, కొట్టం లేదు, గోడ మాత్రం ఉంది. గోద్రెజ్ కంపెనీ 1897లో మొదలైంది తాళాలతోనే. బీరువాలు తర్వాత వచ్చాయి.

హంటర్‌రోడ్డు_అక్క | ఉదయం 11:35

సిలిండర్ ఒక్కటే అయితే తేలిగ్గా బయటపడ్డారు. పెట్టె మొత్తం మార్చాల్సి వస్తే ఏం కొలవాలో కూడా ఇక్కడ ఉంటే మంచిది. నేను పడిన తిప్పలు రాస్తాను.

2023 జూలై వానలకి మా వీధిలో మోకాలిపైకి నీళ్ళొచ్చాయి. రెండు రోజులు తలుపు నీళ్ళలోనే నానింది. నీళ్ళు పోయాక అన్నీ కడుక్కున్నాం, తాళం సంగతి ఎవరికీ పట్టలేదు. తిరుగుతోంది కదా అనుకున్నాం. దసరాకల్లా హ్యాండిల్ కిందికి నొక్కితే పైకి రావడం మానేసింది. విప్పి చూస్తే లోపల స్ప్రింగులు తుప్పు పట్టాయి, మూలల్లో బురద ఎండి సిమెంటులా గట్టిపడింది. కిరోసిన్‌తో కడిగాం. వారం నడిచి మళ్ళీ ఆగింది.

కొత్తది కొందామంటే అదే మోడల్ ఎక్కడా లేదు. వరంగల్ చౌరస్తా దగ్గరి హార్డ్‌వేర్ కొట్లన్నీ తిరిగాను. ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, "అమ్మా, కంపెనీ పేరు మరిచిపో, పాత పెట్టె పట్టుకురా" అన్నాడు. పట్టుకెళ్తే నాలుగు కొలతలు తీశాడు. మొదటిది, తలుపు అంచు మీది పట్టీ పైముఖం నుంచి చెవి రంధ్రం నడిమధ్యకి దూరం. వాళ్ళు బ్యాక్‌సెట్ అంటారు. మాది 50. రెండోది, హ్యాండిల్ కడ్డీ దూరే నలుచదరపు రంధ్రం మధ్య నుంచి సిలిండర్ గుండ్రం మధ్యకి. మాది 85. మూడోది అంచు మీది పట్టీ పొడుగు, వెడల్పు. నాలుగోది పెట్టె లోతు, ఎత్తు, అంటే తలుపులో తవ్విన గుంట.

ఈ నాలుగింటిలో మొదటి రెండిటి దగ్గర రాజీ పడొద్దన్నాడు. ఆ 85లో తేడా వస్తే పాత ప్లేట్లు పనికిరావు, హ్యాండిల్‌కీ చెవికీ ఉన్న రంధ్రాలు కలవవు. ఆ 50లో తేడా వస్తే తలుపుకి రెండు వైపులా కొత్త రంధ్రాలు పడాలి, పాతవి కనిపిస్తూ ఉంటాయి. పట్టీ కాస్త పొడుగైతే ఉలితో ఇంత తీసుకోవచ్చు, గుంట కాస్త పెద్దదైతే చెక్క ముక్క పెట్టి సర్దుకోవచ్చు.

నాకు 45 బ్యాక్‌సెట్‌ది తక్కువకే వస్తోందని మా ఆయన తెచ్చేశారు. అయిదు ఎం.ఎం.లే కదా అన్నారు. ఆ అయిదు కోసం తలుపుకి పడిన రంధ్రాలని కప్పడానికి మళ్ళీ వెడల్పాటి ప్లేట్లు కొన్నాం. తక్కువకి వచ్చింది కాస్తా ఎక్కువయింది. ఆయన ఈ సైట్ చదవరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

టెక్_తమ్ముడు | మధ్యాహ్నం 12:10

అక్కా, అందుకే స్మార్ట్ లాక్ అంటున్నా.

హంటర్‌రోడ్డు_అక్క | మధ్యాహ్నం 12:14

తమ్ముడూ, దానికి కూడా తలుపులో పెట్టె దించాలి. దానికీ ఇవే కొలతలు. తలుపు ఎంత మందం ఉండొచ్చో డబ్బా మీద రాసి ఉంటుంది, అది చూడకుండా కొంటే ఇంతే సంగతులు. నీళ్ళలో నానితే దాని గతేంటో నువ్వే చెప్పు.

టెక్_తమ్ముడు | మధ్యాహ్నం 12:31

సరే సరే, ఒప్పుకుంటున్నా. మాది కరీంనగర్‌లో కొత్త ఫ్లాట్, తలుపు కొత్తగా చేయించుకునేటప్పుడే పెట్టించాం కాబట్టి ఇబ్బంది రాలేదు. బ్యాటరీ అయిపోయే ముందు అరుస్తుంది. అది పట్టించుకోకుండా నాన్న పది రోజులు వదిలేస్తే ఒకరోజు ఆగిపోయింది. బయట కింద చిన్న పాయింట్ ఉంటుంది, దానికి బయటి నుంచి కరెంట్ ఇస్తే తెరుచుకుంది. మామూలు చెవి కూడా ఒకటి ఇస్తారు. దాన్ని ఇంట్లో బీరువాలో పెట్టుకుని బయటికి పోవద్దు. మేం అదే చేశాం.

ఉలి_సుత్తె | మధ్యాహ్నం 1:20

చెరువుకట్ట తమ్మీ, నీ రెండో ప్రశ్నకి వస్తా. తెరిచినా పట్టేస్తోంది, మూస్తే ఇంకా పట్టేస్తోంది అన్నవు. అంటే నీకు రెండు జబ్బులూ ఉన్నయ్.

మొదటిది చెవి. ఇప్పుడు వాడుతున్నది అసలు చెవేనా, చేయించినదా? చేయించినదాన్ని చూసి ఇంకోటి, దాన్ని చూసి మరోటి చేయిస్తూ పోతే పళ్ళ లోతు ప్రతిసారీ కాస్త కాస్త తప్పుతూ పోతుంది. బీరువాలో అసలుది ఉంటే పెట్టి చూడు. దాంతో హాయిగా తిరిగితే సిలిండర్ కొనకుండానే గడిచిపోవచ్చు.

రెండోది తలుపు. గడియ కొసకి తడి కుంకుమ రాసి, తలుపు మూసి, చెవి తిప్పి, మళ్ళీ తెరువు. దర్వాజకి బిగించిన పట్టీ మీద ఎర్ర మరక ఎక్కడ పడిందో చూడు. రంధ్రం మధ్యలో పడాలి. కింది అంచు మీద పడితే తలుపు కుంగింది. ముందు పై మడతబందు స్క్రూలు బిగించు. చెక్క లూజై స్క్రూ పట్టకపోతే అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో కుక్కి, ఆరాక బిగించు. అప్పటికీ తగిలితే ఆ పట్టీ రంధ్రాన్ని ఆకురాయితో కింది వైపు కొంచెం అరగదియ్యి. వానాకాలంలో మాత్రం రంద పట్టి తలుపు గీయించకు. ఎండాకాలం వచ్చేసరికి చెక్క ఎండి కుంచించుకుపోయి సందులు పడతాయి, అప్పుడు మళ్ళీ నన్నే తిడతావు.

కాజీపేట_జంక్షన్ | మధ్యాహ్నం 1:45

అంత దూరం ఎందుకు, నాలుగు చుక్కలు కొబ్బరి నూనె వెయ్యండి. మా నాయనమ్మ చేతి చిట్కా.

ఉలి_సుత్తె | మధ్యాహ్నం 1:52

నాయనమ్మ కాలంలో తాళాలకి లోపల ఇన్ని సన్న స్ప్రింగులు, పిన్నులు లేవు. నూనె వేసిన రోజు బాగానే తిరుగుతుంది. తర్వాత దుమ్ము పట్టి జిడ్డుగా పేరుకుంటుంది, చలికాలం కొబ్బరి నూనె పేరుకోవడం తలకి రాసుకునేవాళ్ళకి తెలుసు. పెన్సిల్ ముల్లు మెత్తగా చేసి చెవి పళ్ళకి రాసి నాలుగుసార్లు పెట్టి తియ్యి. పొడి గ్రాఫైట్ అంటే అదే.

వడ్డేపల్లి_చెరువుకట్ట | సాయంత్రం 6:20

అసలు చెవి దొరికింది. అమ్మ పాస్‌బుక్కుల మధ్య దాచింది. దాంతో తిప్పితే సగం నయం, కానీ ఇంకా గరగరమంటోంది. కుంకుమ మరక కింది అంచు మీదే పడింది. పై మడతబందు స్క్రూలు రెండు చేత్తో తిరిగేంత లూజు! అగ్గిపుల్లల వైద్యం చేశాను, రేపటికి ఆరుతుంది.

సిలిండర్ మాత్రం మార్చే తీరతాను. ఎందుకంటే లెక్క వేస్తే దీని డూప్లికేట్లు నాలుగు బయట ఉన్నాయి. పైన అద్దెకున్నవాళ్ళు ఒకటి, పనామె దగ్గరొకటి, బావమరిది దగ్గరొకటి, నాలుగోది ఎక్కడుందో భగవంతుడికి తెలియాలి. అమ్మవార్లకి బంగారమని బెల్లం ఎత్తుకుపోతాం, ఇంట్లో ఉన్న అసలు బంగారం సంగతి కూడా చూడాలి కదా.

షాపుకి ఫోన్ చేశాను. 30-40 ఉందట. కానీ "రెండు వైపులా చెవా, ఒక వైపు తిప్పే గుండీయా" అని అడిగాడు. ఏది మంచిది?

అద్దెఇల్లు_నయీంనగర్ | సాయంత్రం 6:33

ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కాబట్టి లోపల గుండీ ఉన్నదే తీసుకోండి. రాత్రి ఏ షార్ట్ సర్క్యూటో అయితే చీకట్లో చెవి వెతుక్కునే పని ఉండదు. పైగా రెండు వైపులా చెవి ఉన్న మామూలు రకంలో, లోపల చెవి అలాగే పెట్టి మర్చిపోతే బయటి నుంచి మన చెవి పనిచెయ్యదు. తలుపు పక్కనే అద్దం గానీ, చెయ్యి దూరే గ్రిల్ గానీ ఉంటే మాత్రం గుండీ వద్దు.

ఉలి_సుత్తె | సాయంత్రం 6:50

అమ్మాయి మంచి మాట చెప్పింది. ఒక్కటి కలుపుతా. గుండీది కొంటే 30-40 అని చెప్పి ఊరుకోవద్దు. చెవి వైపు 40, గుండీ వైపు 30 అని చెప్పు. అది తిరగబడితే నీ బతుకు మళ్ళీ మొదటికొస్తది. రెండు వైపులా చెవి ఉంటే తిప్పి పెట్టుకోవచ్చు, గుండీది తిప్పితే గుండీ వీధిలోకి వస్తుంది.

బిగించాక తలుపు మూసెయ్యకు. తెరిచి ఉంచే పది పదిహేనుసార్లు తిప్పి చూడు. ప్రతి చెవీ పెట్టి చూడు. ఆ పొడుగు స్క్రూ మరీ బిగించకు, సిలిండర్ పట్టేస్తుంది. చెయ్యి ఆగినచోట ఆపు.

హంటర్‌రోడ్డు_అక్క | సాయంత్రం 7:05

తెరిచి ఉంచి చూడమన్నది బంగారంలాంటి మాట. మావారు మూసి చూశారు. నేను బయట, ఆయన బయట, స్టవ్ మీద పప్పు లోపల.

వడ్డేపల్లి_చెరువుకట్ట | మంగళవారం, రాత్రి 8:10

పని అయింది. చెవి వైపు 40, గుండీ వైపు 30. షాపాయన కౌంటర్ మీదే డబ్బా విప్పించి, మాస్టారు చెప్పినట్టు టేపు పది దగ్గర పెట్టి కొలిచాను. ఆయన విచిత్రంగా చూశాడు, చూడనీ. బయటికి 2 ఎం.ఎం. మాత్రమే కనిపిస్తోంది. మడతబందు బిగించాక తలుపు కూడా చప్పుడు లేకుండా పడుతోంది. అమ్మ గుండీ ఇరవైసార్లు తిప్పి, "ఇదేందిరా, రేడియో తిప్పినట్టుంది" అంది. కార్పెంటర్‌కి ఫోన్ చేసి స్క్రూ రంధ్రం సంగతి చెప్పాను. ఆయనేం కోపం తెచ్చుకోలేదు, రాసుకున్నాడు.

ఇంతకీ మొదట కొన్న 35-35 నా దగ్గరే ఉంది. డబ్బా చింపాను కాబట్టి షాపులో వాపసు తీసుకోరట. బిగించి తీసింది తప్ప వాడలేదు, చెవులన్నీ ఉన్నాయి. ఎవరికైనా కావాలా? సగం ధరకి ఇస్తాను.

కాజీపేట_జంక్షన్ | రాత్రి 8:22

నాకు కావాలి. మాది 70 అని మొదటే చెప్పాగా.

మడికొండ_మాస్టారు | రాత్రి 8:25

70 అని చెప్పావు నాయనా, 35-35 అని చెప్పలేదు.

కాజీపేట_జంక్షన్ | రాత్రి 9:03

తీసి చూశాను మాస్టారూ. 35-35. అన్నా, ఆదివారం పొద్దున హనుమకొండ చౌరస్తాకి వస్తా, పట్టుకురా.

మడికొండ_మాస్టారు | రాత్రి 9:06

స్కేలుతోనా, టేపుతోనా?

కాజీపేట_జంక్షన్ | రాత్రి 9:07

టేపుతోనే. పది నుంచే.